అర బకెట్టు నీళ్లతో, గీత పడకుండా కారు శుభ్రం చేసుకునే పద్ధతి

ఎండాకాలం మొత్తం ట్యాంకర్ల మీద నెట్టుకొచ్చే అపార్ట్‌మెంటులో పైపు పట్టుకుని కారు కడగడం మనసొప్పని పని. మామూలు పైపులోంచి నిమిషానికి సుమారు పది లీటర్ల నీళ్లు వస్తాయనుకున్నా, పావుగంటలో 150 లీటర్లు కాలువ పాలవుతాయి. పట్టణాల్లో ఒక మనిషికి రోజంతటికీ కావాలని ప్రభుత్వ ప్రమాణాలు చెప్పేది 135 లీటర్లే. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, ఉల్లంఘించిన వారికి 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. అయితే నీళ్లు ఆదా చేయాలన్న మంచి ఉద్దేశంతో చాలామంది ఒక మగ్గు నీళ్లు, ఒక పాత బనియను గుడ్డతో కారంతా తుడిచేస్తున్నారు. నీళ్లు మిగులుతున్న మాట నిజమే కానీ, ఆ నష్టమంతా కారు రంగు మీద పడుతోంది.

కారు రంగు మీద మెరుపునిచ్చే క్లియర్‌కోట్ పొర మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే కూడా తక్కువ. మన ఊళ్లలో కారు మీద పేరుకునే దుమ్ములో ఇసుక, గ్రానైటు పొడి ఎక్కువ. వాటిలో ఉండే క్వార్ట్జ్ ఖనిజం గాజును సైతం గీయగలదు. అలాంటి రేణువులను పొడిగా ఉండగానే గుడ్డతో ఈడ్చినప్పుడు పడే సన్నని గీతలే, ఎండలో బానెట్ మీద సాలెగూడులా కనిపించే గుండ్రని మరకలు. ధారగా పోసిన నీళ్లు ఆ రేణువులను కొట్టుకుపోయేలా చేస్తాయి. నీళ్లు తగ్గించినప్పుడు ఆ పని గుడ్డలే చేయాలి కనుక, నీళ్లు ఎంత తగ్గితే గుడ్డలు అంత పెరగాలి. ఈ పద్ధతికంతటికీ ఆధారం ఈ ఒక్క నియమమే.

కావలసిన వస్తువులు ఎక్కువేమీ లేవు. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డలు ఎనిమిదో పదో, ఆరబెట్టడానికి కాస్త మందమైన పెద్ద గుడ్డ ఒకటి, చేతితో గాలి కొట్టే చిన్న స్ప్రేయర్, బకెట్టు, వీటితో పాటు రిన్స్‌లెస్ వాష్ పేరుతో దొరికే ద్రావణం ఉంటే చాలు. స్ప్రేయర్ మాత్రం మొక్కలకు పురుగుమందు కొట్టినది కాకూడదు. ఈ ద్రావణంలోని పాలిమర్లు దుమ్ము రేణువు చుట్టూ జారుడు పొరలా చేరి, అది రంగును గీయకుండా గుడ్డలోకి వచ్చేలా చేస్తాయి. కడిగాక మళ్లీ నీళ్లు పోయనవసరం లేదు. ఆప్టిమమ్ నో రిన్స్ వంటి గాఢమైన ద్రావణమైతే నాలుగు లీటర్ల నీళ్లకు 15 మిల్లీలీటర్లు సరిపోతుంది. తక్కినవాటికి డబ్బా మీద రాసిన కొలతే పాటించాలి, నురగ రావడం లేదని పెంచకూడదు. బట్టల పౌడరు, గిన్నెల సబ్బు నీళ్లు ఇందుకు బొత్తిగా పనికిరావు. అవి రంగు మీది వ్యాక్సును తీసేయడమే కాక, మళ్లీ కడగనిదే వదలవు.

నీళ్ల విషయంలో ఒక సూచన. బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉండే చోట అవి ఆరిన ప్రతి చుక్కా తెల్లని మరకను వదిలిపోతుంది. ఆర్‌ఓ యంత్రం వదిలే నీళ్లలో లవణాలు ఇంకా ఎక్కువ కాబట్టి వాటిని టైర్లకు వాడుకోవచ్చు గానీ రంగు మీద వాడకూడదు. దానికి భిన్నంగా, ఏసీ పైపు నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపుగా ఉండవు. రాత్రంతా బకెట్టులో పట్టి, పలుచని బట్టతో వడగడితే ఈ పనికి అంతకంటే మంచి నీళ్లు ఇంట్లో దొరకవు. విశాఖ, కాకినాడ వంటి తేమ ఎక్కువగా ఉండే ఊళ్లలో కారుకు కావలసిన నాలుగైదు లీటర్లు ఒక్క ఏసీ నుంచే సులువుగా వస్తాయి.

వానలో మట్టిరోడ్డు మీద తిరిగి, తలుపుల మీద బురద గట్టిపడిన కారుకు ఈ పద్ధతి వాడకూడదు. ముందు ధారగా నీళ్లు కొట్టి బురద వదిలించాల్సిందే, ఆ పూట నీళ్ల గురించి వెనకాడకూడదు. వారానికోసారి పేరుకునే మామూలు దుమ్ముకే ఇది సరైన మార్గం.

కారును నీడలో నిలిపి, బానెట్ మీద అరచేయి ఆన్చినప్పుడు చల్లగా తగిలాకే మొదలుపెట్టాలి. ఆరబెట్టే పెద్ద గుడ్డ తప్ప మిగతా గుడ్డలన్నిటినీ బకెట్టులోని ద్రావణంలో నానవేసి, మరికొంత ద్రావణాన్ని స్ప్రేయర్‌లో నింపుకోవాలి. కారును భాగాలుగా అనుకుని ముందు టాప్, తరువాత అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల పైసగం అనే వరుసలో పైనుంచి కిందికి రావాలి. ఒక్కో భాగాన్ని పూర్తిగా తడిసేలా కొట్టి, ఒకటి రెండు నిమిషాలు నాననివ్వాలి, ఆరిపోనివ్వకూడదు. చలికాలం ఉదయాన దుమ్ము మీద పడిన మంచును చూసి కారు ఎలాగూ తడిసిందని తుడిచేసేవారున్నారు. ఆ తేమ రేణువును లేపడానికి చాలదు.

నానిన గుడ్డను మెల్లగా పిండి, నాలుగు మడతలు వేస్తే తుడవడానికి ఎనిమిది ముఖాలు వస్తాయి. చేత్తో నొక్కకుండా, గుడ్డ తన బరువుతో తాను జారుతున్నట్లుగా ఒకే దిశలో ఒక్కసారి లాగాలి. గుండ్రంగా తిప్పకూడదు, లాగిన దారిలో వెనక్కి రానూకూడదు. మొదటి లాగుడుకే గుడ్డ ముఖం బూడిదరంగుకు తిరుగుతుంది. అది అంత మురికిని పట్టిందని సంతోషించి, వెంటనే మడత తిప్పి శుభ్రమైన ముఖంతో పక్క వరుస అందుకోవాలి. ఎనిమిది ముఖాలూ అయ్యాక ఆ గుడ్డను పక్కన పడేయాలే తప్ప మళ్లీ బకెట్టులో ముంచకూడదు. తెల్లవారుజామున ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో సెల్లారులోని పది కార్లు తుడిపించే ఏర్పాటులో లోపం ఇక్కడే ఉంది, మొదటి కారు ఇసుక పదో కారును గీస్తుంది. పని చేసేవారిని తప్పుపట్టడం కన్నా, కారు యజమానులే వారికి తలా నాలుగు గుడ్డలు ఇవ్వడం న్యాయం.

ఒక భాగం తుడవగానే ఆ పెద్ద పొడి గుడ్డను పరిచి తేమను అద్దాలి. పక్షి రెట్ట ఉంటే గీకకుండా, ద్రావణంలో తడిపిన గుడ్డముక్కను దాని మీద ఐదు నిమిషాలు ఉంచితే మెత్తబడి లేచి వస్తుంది. అందులోని ఆమ్లం ఎండకు రంగును తినేస్తుంది కాబట్టి దానికి మాత్రం వారాంతం దాకా ఆగకూడదు. తలుపుల కింది భాగం, బంపర్లు, చివరగా చక్రాలు తుడవాలి. చక్రాలకు అంటుకునే బ్రేకు పొడిలో ఇనుప రజను ఉంటుంది కనుక, వాటికి వాడిన గుడ్డ ఇక ఎన్నడూ రంగును తాకకూడదు. నేల మీద పడిన గుడ్డకూ అదే నియమం.

వాడిన గుడ్డలను ఇంట్లో బట్టలతో కలపకుండా, ద్రవరూప డిటర్జెంటుతో విడిగా ఉతకాలి. సువాసన కోసం, మెత్తదనం కోసం కలిపే కండిషనర్లు మైక్రోఫైబర్ పోగులకు పూతలా పట్టి, మురికిని, తడిని పీల్చే గుణాన్ని పోగొడతాయి. ఉతికాక నీడలో ఆరేసి, మూత ఉన్న డబ్బాలో దాచుకుంటే దుమ్ము పట్టకుండా మరుసటి వారానికి సిద్ధంగా ఉంటాయి.