విసిగించే సభ్యులను బ్లాక్ చేయాలా, మ్యూట్ చేయాలా: నిర్ణయించుకునే పద్ధతి

ఆన్‌లైన్ చర్చల్లో ఎవరైనా పదేపదే విసిగిస్తున్నప్పుడు బ్లాక్ నొక్కడం క్షణంలో పని. నొక్కిన తరువాత ఏం జరుగుతుందన్నది మాత్రం ఒక్కో వేదికలో ఒక్కో విధంగా ఉంటుంది. దాని ప్రభావం మన మీద, ఎదుటివారి మీద మాత్రమే కాక, ఆ చర్చను మౌనంగా చదివే మిగతావారి మీద కూడా పడుతుంది. బ్లాక్ చేయడం పిరికితనమనే వాదనను నేను ఒప్పుకోను. ఎవరి మాటలు చదవాలో, ఎవరితో వాదించాలో నిర్ణయించుకునే హక్కు పూర్తిగా మనదే. అయితే కేవలం విసుగు పుట్టించేవారికి మ్యూట్ సరిపోతుందనీ, బ్లాక్‌ను మన వెంటపడేవారి కోసం ఉంచుకోవాలనీ నా గట్టి అభిప్రాయం.

ముందుగా ఆ మనిషి ఎలాంటివారో తేల్చుకోవాలి. కోపం తెప్పించిన ఆ ఒక్క వ్యాఖ్యను పక్కన పెట్టి, వారు అదే వేదికలో ఇటీవల రాసిన పది వ్యాఖ్యలను వరుసగా చదవండి. పద్యాల బృందంలో ప్రతి పద్యం కిందా యతి తప్పిందనీ గణం చెడిందనీ రాసే సభ్యుడు ఎంత చిరాకు తెప్పించినా, ఆయన చెప్పేది సరైనదైతే ఆ బృందానికి ఆయన అవసరం ఉంది. ఆరోగ్య చర్చల్లో “దీనికి ఆధారం ఏమిటి?” అని అడగడం మానని వారూ ఈ కోవకే చెందుతారు. వీరిని దూరం చేసుకుంటే మన పొరపాటు మనకు చెప్పేవారు కరువవుతారు కాబట్టి, చిరాకును ఓర్చుకోవడమే లాభం. రెండో రకం వారు ఏ చర్చనైనా తమ పార్టీ దగ్గరికో, తమ కులం దగ్గరికో, తమ అభిమాన కథానాయకుడి దగ్గరికో లాక్కుపోతారు. వారికి మన మీద ప్రత్యేకమైన పగ ఏమీ ఉండదు. మన తెర మీద వారు కనిపించకపోతే సమస్య తీరిపోతుంది, అందుకు మ్యూట్ చాలు. మూడో రకం వారు ఒక చర్చలో మొదలుపెట్టి మన పాత ఫొటోల కిందికీ, ప్రైవేటు సందేశాల్లోకీ, చివరికి మన బంధువుల ఖాతాల్లోకీ వస్తారు. ఇక్కడ ఆలోచించవలసింది ఏమీ లేదు, బ్లాక్ చేయవలసిందే.

మ్యూట్ చేస్తే మనం వారిని చూడటం మానేస్తాం, ఆ సంగతి వారికి తెలియదు. బ్లాక్ చేస్తే ఇద్దరి మధ్య దారి మూసుకుపోతుంది, చాలా చోట్ల ఆ విషయం వారు ఇట్టే పసిగడతారు. వీటిలో పాతది మ్యూటే. లారీ వాల్ 1984లో విడుదల చేసిన ‘ఆర్‌ఎన్’ అనే ప్రోగ్రాముతో, వెబ్ రాకముందు నుంచీ ఉన్న ఆన్‌లైన్ చర్చా బృందాల వ్యవస్థ యూజ్‌నెట్‌లో చర్చలు చదివేవారికి ‘కిల్ ఫైల్’ అందుబాటులోకి వచ్చింది. అందులో చేర్చిన పేరుతో వచ్చే పోస్టులు ఆ పాఠకుడికి కనిపించేవి కావు, రాసినవారికి మాత్రం ఏ ఆటంకమూ ఉండేది కాదు. 1990లలో అమెరికాలోని తెలుగువారు భాష నుంచి రాజకీయాల దాకా వాదించుకున్న ‘సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు’ కూడా యూజ్‌నెట్ బృందమే. ఈ ఏర్పాటులో నాకు నచ్చేది ఏమిటంటే, ఒకరి విసుగు వారి తెరకే పరిమితమవుతుంది. మిగతా సభ్యులు ఆ మనిషి మాట విని తమంత తామే ఒక అభిప్రాయానికి రావచ్చు.

ఈ తేడా ఎంత ముఖ్యమైనదో, అంశాలవారీ బృందాల్లో చర్చలు నడిచే రెడిట్‌ను చూస్తే తెలుస్తుంది. 2022 జనవరి వరకు అక్కడ బ్లాక్ అంటే దాదాపు మ్యూట్ లాంటిదే. ఆ నెలలో తెచ్చిన మార్పు తరువాత, మనం బ్లాక్ చేసినవారు మన పోస్టులు చూడలేరు, వాటి కింద వ్యాఖ్యానించలేరు. వేధింపులు భరిస్తున్నవారికి ఈ మార్పు నిజంగా మేలు చేసింది. కానీ నగరం గురించిన ఒక బృందంలో ఎవరైనా తప్పుడు వార్త పెట్టి, దాన్ని ఖండించే అలవాటున్న నలుగురిని బ్లాక్ చేశారనుకుందాం. ఆ నలుగురికి అక్కడ నోరు ఉండదు. చదివేవారికి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదన్న భావన కలుగుతుంది. కాబట్టి రెడిట్‌లో బ్లాక్ నొక్కే ముందు, ఈ మనిషిని నా నుంచి దూరం పెడుతున్నానా లేక చర్చ నుంచే దూరం పెడుతున్నానా అని ప్రశ్నించుకోండి. వాదన మధ్యలో చివరి మాట తాము రాసేసి, ఎదుటివారు జవాబు ఇచ్చేలోపు వారిని బ్లాక్ చేసే అలవాటు కొందరికి ఉంది. అది అన్యాయం. వాదన ఇక చాలనుకుంటే జవాబు రాయకుండానే వెళ్లిపోవచ్చు.

ఎక్స్‌లో (పాత ట్విట్టర్) పరిస్థితి ఇందుకు భిన్నం. 2024 నవంబరు నుంచి అక్కడ బ్లాక్ అయినవారు మన బహిరంగ పోస్టులను చదవగలరు, జవాబు ఇవ్వడం, లైక్ చేయడం వంటివి మాత్రం చేయలేరు. అందువల్ల ఎవరి కంట పడకుండా ఉండాలన్నది మీ ఉద్దేశమైతే బ్లాక్ ఒక్కటే సరిపోదు, మొత్తం ఖాతాను ‘ప్రొటెక్టెడ్’గా, అంటే మీరు అనుమతించిన ఫాలోయర్లకు మాత్రమే కనిపించేలా మార్చుకోవాలి. మనుషులను వదిలి మాటలను మ్యూట్ చేసే సదుపాయం కూడా అక్కడ ఉంది. 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు లేదా శాశ్వతంగా అని గడువు ఎంచుకోవచ్చు. పెద్ద సినిమా విడుదలైన వారం, ఎన్నికల ఫలితాల వారం ఇది ఎంతో ఉపయోగపడుతుంది. తెలుగువారు ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. ‘ఎన్నికలు’ అని మాత్రమే చేరిస్తే ‘ఎన్నికల్లో’, ‘ఎన్నికలకు’ అన్న రూపాలు తప్పించుకుని వస్తాయి. పైగా చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాస్తారు. తరచుగా కనిపించే రూపాలన్నింటినీ విడివిడిగా చేర్చవలసి ఉంటుంది.

ఫేస్‌బుక్‌లో బ్లాక్ చేస్తే స్నేహితుల జాబితా నుంచి కూడా ఆ పేరు పోతుంది, తరువాత బ్లాక్ తీసినా స్నేహం దానంతట అది తిరిగి రాదు. ఎన్నికల సమయంలో మాత్రమే భరించలేనట్టు తయారయ్యే బంధుమిత్రులకు అంత శిక్ష అక్కరలేదు. వారి పోస్టులను 30 రోజుల పాటు ఆపే ‘స్నూజ్’ ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో 2019లో వచ్చిన ‘రిస్ట్రిక్ట్’ ఇంకా సున్నితమైనది: మీ పోస్టుల కింద వారు కొత్తగా రాసే వ్యాఖ్య, మీరు అనుమతిస్తే తప్ప, వారికీ మీకూ మాత్రమే కనిపిస్తుంది. రోజూ ముఖం చూడవలసిన సహోద్యోగి విషయంలో నేను మొదట సూచించేది ఇదే.

వాట్సాప్ గ్రూపుల్లో విసుగుకు బ్లాక్ మందు కాదు. మీరు బ్లాక్ చేసినవారు మీకు నేరుగా సందేశం పంపలేరు, కాల్ చేయలేరు. కానీ ఇద్దరూ ఉన్న గ్రూపులో వారి సందేశాలు మీకు, మీవి వారికి ఎప్పటిలాగే కనిపిస్తాయి. తెల్లవారుజాము నుంచి ఫార్వర్డులు పంపే పెదనాన్నగారిని బ్లాక్ చేస్తే ఆ ఫార్వర్డులు ఆగవు, ఆయన ఫోన్ చేసినప్పుడు మాత్రం సంగతి బయటపడి ఇంట్లో మాట వస్తుంది. గ్రూపును మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పెట్టండి. ఆయన పంపేది ప్రమాదకరమైన వైద్య సలహా అయితే గ్రూపులో అందరి ముందూ ఖండించకుండా విడిగా ఫోన్ చేసి మర్యాదగా చెప్పండి. పెద్దవారు నలుగురిలో ఒప్పుకోని మాటను విడిగా చెబితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. అపార్టుమెంటు గ్రూపు వంటి చోట్ల నుంచి బయటికి రావాలనుకుంటే, 2022 నుంచి ఆ సమాచారం సభ్యులందరికీ కాకుండా అడ్మిన్లకు మాత్రమే వెళుతుంది.

మీరే అడ్మిన్ అయితే ఈ లెక్క వేరు. సభ్యుడి మీద కోపంతో వ్యక్తిగతంగా బ్లాక్ చేయడం కంటే బృందం నియమాన్ని చూపి హెచ్చరించడం, తరువాత పోస్టులకు ముందస్తు అనుమతి పెట్టడం, అప్పటికీ మారకపోతే తొలగించడం సరైన క్రమం. సభ్యులందరూ ఎవరికి వారు ఒకే మనిషిని బ్లాక్ చేసుకుంటున్నారంటే అది అడ్మిన్ చేయవలసిన పని మిగిలిపోయిందని అర్థం. కొత్తగా చేరినవారు ఏ రక్షణా లేకుండా ఆ మనిషికి ఎదురుపడతారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో తోటి రచయిత రాతలు మనకు కనిపించకుండా చేసుకునే వీలు లేదు. నిరోధం (అక్కడి బ్లాక్) విధించేది నిర్వాహకులే, అదీ కారణం నమోదు చేసి. అందరూ కలిసి ఒకే వ్యాసం రాస్తున్నప్పుడు ఎదుటివారిని చూడకుండా ఉండటం కుదరదు కాబట్టి, అక్కడ చర్చ పేజీలో తేల్చుకోవడమే మార్గం.

బెదిరింపులు, అసభ్య సందేశాలు, వెంటపడటం మొదలైతే బ్లాక్ కంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. వారి ఖాతా పేరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, ఆ ప్రొఫైల్ లింకును, పోస్టు లింకును విడిగా భద్రపరచుకోండి. బ్లాక్ చేశాక కొన్ని వేదికల్లో వారి పేజీ మీకే తెరుచుకోదు, వారు ఖాతాను తీసేస్తే ఏమీ మిగలదు. ఆ తరువాత వేదికకు రిపోర్టు చేసి, అప్పుడు బ్లాక్ చేయండి. స్త్రీని ఆన్‌లైన్‌లో వెంటాడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, తెలంగాణలో మహిళల భద్రత చూసే పోలీసు బృందాలైన షీ టీమ్స్‌ను సంప్రదించవచ్చు. ఇలాంటి సందర్భంలో పట్టించుకోకుండా ఉంటే వాళ్లే ఊరుకుంటారన్న సలహాను దయచేసి ఎవరికీ ఇవ్వకండి.

బ్లాక్ చేసినట్టు బహిరంగంగా ప్రకటించకపోవడం మేలు. ఆ ప్రకటన కింద మీ పక్షం వారూ వారి పక్షం వారూ చేరి, మీరు వదిలించుకోవాలనుకున్న గొడవనే మళ్లీ మొదలుపెడతారు.

బ్లాక్ జాబితాను కూడా ఏడాదికి ఒకటి రెండు సార్లు తెరిచి చూడండి. ఏదో ఒక సినిమా గొడవలోనో, ఎన్నికల వేడిలోనో చేర్చిన పేర్లు చాలా వరకు ఇప్పుడు అక్కరలేనివై ఉంటాయి. వెంటపడినవారి పేర్లను మాత్రం కదపవద్దు. ఫేస్‌బుక్‌లో ఒకరిని బ్లాక్ నుంచి తీశాక 48 గంటల దాకా మళ్లీ బ్లాక్ చేయడం కుదరదు కాబట్టి, అక్కడ అందరినీ ఒకేసారి తీయకుండా ఒక్కొక్కరినే తీసి, ఆ రెండు రోజులూ గమనించి, తరువాతి పేరుకు వెళ్లండి.