పిల్లల్లో ధైర్యం – 4వ పాఠం: పద్యం చెప్పమంటే తలుపు చాటుకు

పోయిన వారం ఇచ్చిన అభ్యాసం చేశారా? "శభాష్" అన్న ప్రతిసారీ దేనికన్నారో కూడా చెప్పమన్నాను. రెండో రోజుకే విసుగు పుట్టి ఉంటుంది. ఫరవాలేదు, కొనసాగించండి. ఈ వారం పని ఇంకాస్త కష్టం. ఇందులో మీరు నోరు కట్టుకోవాలి.

చుట్టాలు వస్తారు. కాఫీలు అవుతాయి. "ఏదీ, అంకుల్‌కి పద్యం చెప్పమ్మా" అంటాం. నిన్న రాత్రి అమ్మమ్మ పక్కలో గడగడా అప్పజెప్పిన ఏడేళ్ల పిల్ల కాస్తా తలుపు చాటుకు చేరి కర్టెన్ కొస నములుతుంది. రెండుసార్లు బతిమాలి, మూడోసారి కళ్లురిమి, చివరికి "మా అమ్మాయికి సిగ్గెక్కువండీ" అని నవ్వేస్తాం. పదిసార్లు వింటే ఆ పిల్లకు తన పేరెంతో ఆ మాటా అంతే అయిపోతుంది. (నేనూ ఆ తలుపు చాటు నుంచి వచ్చినవాణ్నే.)

"నువ్వు చెప్పగలవు" అని ఊదరగొట్టినా ఒరిగేది తక్కువే. చేయగలనన్న నమ్మకానికి ఆధారాలు నాలుగని ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో రాశారు: స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాళ్లు చేస్తుంటే చూడడం, ఇతరులు చెప్పే మాట, ఒంట్లో పుట్టే దడ లేదా నెమ్మది. అన్నిటికన్నా బలమైనది మొదటిది. ఆయన పాములంటే హడలిపోయే పెద్దవాళ్లతో ప్రయోగాలు చేశారు. ముందు దూరం నుంచి చూడడం, తర్వాత చేతికి తొడుగు వేసుకుని తాకడం, ఆపైన ఒట్టి చేత్తో. పాము దగ్గర పనిచేసిన పద్ధతి పద్యం దగ్గర చేయదా?

మనమూ మెట్లు కడదాం. మొదట అమ్మమ్మకు. తర్వాత వంటింట్లో నిలబడి, హాల్లో ఉన్న నాన్నకు వినబడేలా. ఆపైన ఫోనులో మేనమామకు. ఎదుటి ముఖం కనబడదు కాబట్టి ఈ మెట్టు తేలిక. ఆ తర్వాతే ఇంటికొచ్చిన ఒక్క మనిషికి, అదీ ఎవరికి చెప్పాలో పిల్లే ఎంచుకోవాలి. ఒక మెట్టు మీద మూడు రోజులు పట్టినా తొందరపెట్టకండి.

అసలు చిక్కు రెండో పాదం దగ్గర వస్తుంది. పిల్ల ఆగిపోతుంది, పైకప్పు వైపు చూస్తుంది. ఈలోగా మూడో పాదం మీ పెదవుల మీదికి వచ్చేసి ఉంటుంది. మింగేయండి. మనసులో అయిదు దాకా లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే మొదటి మాట ఒక్కటే అందించండి. పాదమంతా మీరే చెప్పేస్తే, గెలుపు మీ ఖాతాలో పడుతుంది.

చుట్టాల ముందు పిల్ల వద్దంటే "ఇప్పుడు చెప్పాలని లేదట" అని ఊరుకోండి. వాళ్లేమీ అనుకోరు, నిజానికి వాళ్లొచ్చింది కాఫీకి.

ఈ వారం అభ్యాసం: ఏ మెట్టు దాకా వెళ్లిందో, మీరు ఎన్నిసార్లు అడ్డుపడ్డారో నోటుపుస్తకంలో రాయండి. రెండో లెక్క దాచకండి.

వచ్చే పాఠం: ఓడిపోగానే క్యారమ్ బోర్డు తిరగేసే పిల్లవాడు.