పండు, చిట్టి, మేము: అల్లరి చిలకలతో ఒకే ఇంట్లో ఎలా ఉండాలి

ఈ పొద్దున మా పండుగాడు అమ్మ కళ్ళజోడు కొసన ఉన్న మెత్తటి తొడుగు పీకి టీపాయ్ మీంచి కిందికి విసిరేశాడు, అది పడిన చప్పుడు వినడానికి తల వంచి చూశాడు, ఆ తర్వాత వచ్చి అమ్మ మెడ పక్కన తల దూర్చి గోకమన్నాడు. అమ్మ గోకింది. మాది కోనసీమలో రాజోలు వైపు. ఇంట్లో రెండు పిట్టలు, పండు గ్రీన్‌చీక్ కొన్యూర్, చిట్టి తల మీద జుట్టుండే బూడిదరంగు కాక్‌టీల్, రెండూ విదేశీ చిలక జాతులే. ఇంటికొచ్చిన చుట్టాలు వీటి ముద్దు చూసి "మాకూ ఒకటి చూసిపెట్టండి" అంటారు. వాళ్ళకి కూర్చోబెట్టి చెప్పే మాటలే ఇవి.

ముందు ఒక విషయం. రామచిలుకను తెచ్చుకోవద్దు. మన కొబ్బరి మోడుల తొర్రల్లో పిల్లలు చేసే ఆ పచ్చ చిలకకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో పెట్టడం అన్నీ నేరమే. తాతల కాలంలో అరుగు మీద పంజరం ఉండేదన్నది నిజమే, కానీ అలా ఉన్న ప్రతి చిలకా ఏదో తొర్రలోంచి రెక్కలు రాకముందే లాక్కొచ్చిన పిల్లే. గాలివానకి మోడు విరిగి పిల్ల దొరికిందా, అటవీ శాఖ వాళ్ళకి అప్పగించండి. ఇంట్లో పెంచుకోదగ్గవి మనుషుల దగ్గరే పుట్టి పెరిగిన విదేశీ జాతులు. వాటిలోనూ కొన్యూర్ల వంటివి సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో, అంటే దేశాల మధ్య అమ్మకాల మీద నియంత్రణ ఉన్న జాతుల్లో ఉన్నాయి, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాక్‌టీల్‌కీ, మనవాళ్ళు లవ్‌బర్డ్స్ అని పిలిచే బడ్జీలకీ ఆ అవసరం లేదు. అమ్మేవాణ్ణి బిల్లు అడిగి తీసుకోండి.

ఇంకోటి, ఎన్నేళ్ళు బతుకుతుందో ముందే ఆలోచించుకోండి. బాగా చూసుకుంటే కాక్‌టీల్ పదిహేను ఇరవై ఏళ్ళు ఉంటుంది, కొన్యూర్ అంతకంటే ఎక్కువే. మీ అబ్బాయి ఇప్పుడు ఆరో తరగతి అయితే వాడి పెళ్ళి నాటికి కూడా పిట్ట మీ ఇంట్లోనే ఉంటుంది.

ఇక అల్లరి సంగతి. రిమోట్ బటన్లు పీకుతుంది, పుస్తకాల అంచులు కొరుకుతుంది, చొక్కా గుండీలు తెంపుతుంది. కొత్తగా తెచ్చుకున్నవాళ్ళు దీన్ని మొండితనం అనుకుని పంజరంలో పెట్టి తలుపు వేస్తారు, అప్పుడు అది ఇంకా రెచ్చిపోతుంది. చిలక అడవిలో ఉంటే పగలు సగం పూట మేత వెతుక్కోవడానికే సరిపోతుంది, కాయ చీల్చాలి, బెరడు ఒలవాలి, పక్క కొమ్మ మీది దానితో పోట్లాడాలి. మన ఇంట్లో గిన్నెలో గింజలు పోస్తే పది నిమిషాల్లో తినేస్తుంది. మిగిలిన పగలంతా ఆ ముక్కుకి పనేది? మీరు పని ఇవ్వకపోతే అదే వెతుక్కుంటుంది. మా ఇంట్లో అల్లరి సగానికి తగ్గింది పండుని అదుపులో పెట్టడం వల్ల కాదు, వాడికి చీల్చుకునే సరుకు రోజూ ఇవ్వడం వల్ల.

ఆ సరుక్కి మన దగ్గర కొదవేం ఉంది! కొబ్బరి చిప్పకి బెజ్జాలు పెట్టి, లోపల నాలుగు గింజలు వేసి, తాటాకుతో మూసి వేలాడదీయండి. అరిటాకు ముక్కలో కొర్రలు పొట్లం కట్టి ఇవ్వండి, విప్పుకోవడానికి అరగంట పడుతుంది. మొక్కజొన్న పొత్తు పైతొక్కతో సహా ఇచ్చేయండి. పంజరంలో దుకాణం వాళ్ళు ఇచ్చే నున్నటి ప్లాస్టిక్ కర్ర తీసేసి జామ కొమ్మ పెట్టండి, లావూ సన్నం కలిసి ఉంటే కాళ్ళకి మంచిది, పైగా బెరడంతా ఒలుచుకుంటుంది. కొబ్బరి పీచు ఇవ్వొచ్చు కానీ పొడవాటి పోగులు వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది, పొట్టిగా కత్తిరించి ఇవ్వండి. ఆకైనా కొమ్మైనా మందు కొట్టిన చెట్టుది వద్దు. నల్లికనో తెల్లదోమకనో కొబ్బరికి వేరు ద్వారా మందు పెట్టించారేమో తోట యజమానిని అడగండి, చేను గట్టు మీది వరి కంకి కూడా అడక్కుండా కోసుకురావద్దు.

అరుపు గురించి అందరూ టెన్షన్ పడతారు. పొద్దున్నా సాయంత్రం కాసేపు అరవడం వాటి నైజం, దాన్ని మాన్పించలేం. మనం గదిలోంచి లేచి వెళ్ళగానే మొదలయ్యే అరుపు వేరు. గుంపులో ఒకటి కనపడకపోతే మిగతావి పిలుస్తాయి, అది "ఇక్కడే ఉన్నా" అని బదులిస్తుంది. మీరు బదులివ్వకపోతే మీకేదో అయిందని గొంతు పెంచుతుంది. అందుకని ఒకే ఒక జవాబు పెట్టుకోండి, ఈలైనా మాటైనా. మా అమ్మ వంటింట్లోంచి "ఆయ్" అంటుంది, కోనసీమలో ఎవరు పిలిచినా అలాగే పలుకుతాం కదా. ఆర్నెల్లకి పండు కూడా ముక్కుతో అన్నట్టు "ఆయ్" అనడం నేర్చుకున్నాడు, ఇప్పుడు అరవకుండా అదే అంటాడు. అది మెల్లగా పిలిచినప్పుడు వెంటనే పలకండి. గట్టిగా అరిచినప్పుడు పరిగెత్తుకు వెళ్ళొద్దు, కోప్పడనూ వద్దు, మీ కేక కూడా దానికి జవాబే. ఒక్క క్షణం ఆగగానే వెళ్ళండి.

కొరికితే చెయ్యి విదల్చకండి. కష్టమే, రక్తం వస్తుంది కూడా. కానీ విదిలిస్తే పడి దెబ్బ తగులుతుంది, అరిస్తే దానికి ఆట అయిపోతుంది. నెమ్మదిగా కుర్చీ వీపు మీద దింపేసి, అర నిమిషం అటు తిరిగి నిలబడండి, అంతకంటే ఎక్కువసేపైతే ఎందుకో మర్చిపోతుంది. ముక్కు మీద చిటికెలేయడం, కొట్టడం ఎప్పుడూ చేయొద్దు, చెయ్యి అంటే భయం పట్టుకుందంటే పోగొట్టడానికి నెలలు పడుతుంది. అసలు కొరికే ముందు పిట్ట చెప్తుంది. కంటిపాప చిన్నదీ పెద్దదీ అవుతుంది, మెడ ఈకలు నిక్కబొడుచుకుంటాయి, ఒళ్ళు బిగుస్తుంది. కాక్‌టీల్ అయితే జుట్టు తలకి అంటుకుపోయేలా వెనక్కి పెట్టి బుసకొడుతుంది. అప్పుడు చెయ్యి పెట్టకండి, అంతే. వేలు ఎక్కడం నేర్పాలంటే పొట్ట కింద, కాళ్ళకి కాస్త పైన చూపుడు వేలు ఆనించి "ఎక్కు" అనండి, ఎక్కితే కొర్ర కంకిలోంచి నాలుగు గింజలు. రోజుకి రెండు సార్లు, ఐదేసి నిమిషాలు చాలు.

ముద్దు చేయడానికీ హద్దుంది. తల, బుగ్గలు, మెడ, అక్కడే గోకండి. వీపు నిమిరితే, రెక్కల కింద చెయ్యి పెడితే దానికి జత కట్టే ఆలోచన వస్తుంది, ఆ తర్వాత ఇంట్లో మిగతావాళ్ళ మీద దాడి మొదలు. బీరువా సందు, మంచం కింద, అట్టపెట్టె, ఇలాంటి చీకటి మూలలు కూడా అంతే, గూడనుకుంటుంది. ఆడ కాక్‌టీల్ అయితే జత లేకుండానే వరసగా గుడ్లు పెట్టి కాల్షియం కరిగిపోయి నీరసించిపోతుంది, అందుకే కటిల్‌బోన్ (కాల్షియం కోసం కొరుక్కునే సముద్రజీవి ఎముక) ఎప్పుడూ పంజరంలో ఉండాలి. తల పైకీ కిందికీ ఆడిస్తూ మీ వేలి మీద మేత కక్కితే భయపడకండి, తన పిల్లకో జతకో పెట్టినట్టు మీకు పెడుతోంది. కానీ తల విదిలిస్తూ కక్కి, ఆ జిగట మొహం ఈకలకి అంటుకుని ఉంటే అది వాంతి, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

తిండి మీద అశ్రద్ధ వద్దు. పొద్దుతిరుగుడు గింజలంటే చిలక ప్రాణమిస్తుంది, అవే పెడితే లివర్‌కి కొవ్వు పడుతుంది, ఎ విటమిన్ చాలదు. కొర్రలు, సామలు, సజ్జలు, కొంచెం వడ్లు కలిపి పెట్టండి, పొద్దుతిరుగుడు గింజలు నేర్పేటప్పుడు బహుమానంగా మాత్రమే. రోజూ మునగాకో తోటకూరో, ఉడికించిన చిలగడదుంపో గుమ్మడికాయో, క్యారెట్, బొప్పాయి, జామ ముక్క, పెసల మొలకలు. పచ్చిమిర్చి నిశ్చింతగా ఇవ్వండి, పిట్టలకి కారం తెలియదు. తడి మేత మన ఉక్కలో రెండు గంటలు దాటి ఉంచకండి. బటర్ ఫ్రూట్ అని అమ్మే అవకాడో, చాక్లెట్ విషం. కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, ఆపిల్ గింజలు, ఊరగాయ కలిపిన అన్నం ఏవీ వద్దు. ఆత్రేయపురం పూతరేకు విప్పితే ఆ చప్పుడుకే పండు ఎగిరొస్తాడు, అయినా పెట్టం, అంత నెయ్యీ పంచదారా అరచేతిలో పట్టే పిట్టకి ఎందుకు?

ఇల్లు మాత్రం ఒకసారి పిట్ట కళ్ళతో చూసి సర్దుకోవాల్సిందే. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుండగా పంజరం తలుపు తీయొద్దు, మేం స్విచ్ మీద టేపు వేసి ఉంచుతాం. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మనకి తెలియనంత తక్కువే అయినా చిలక నిమిషాల్లో చచ్చిపోతుంది, వాటి ఊపిరితిత్తుల తీరు అలాంటిది. మేం నాన్‌స్టిక్ మానేసి ఇనప పెనానికి మారాం. దోమల చక్రం, సాంబ్రాణి, అగరొత్తులు, రూమ్ స్ప్రే, ఎండుమిర్చి తాలింపు ఘాటు, ఇవేవీ పిట్టలున్న గదిలోకి రాకూడదు. దోమలకి కిటికీలకి మెష్ కొట్టించుకోండి, పిట్ట బయటికి పోకుండా కూడా అదే కాపు. జింకు పూత ఊడుతున్న చౌక పంజరం ముక్కుతో కొరికితే జింకు ఒంట్లోకి పోతుంది, పౌడర్ కోటింగ్‌దో స్టీల్‌దో కొనండి. రాత్రిళ్ళు వరండాలో పంజరం ఉంచకండి, మన పల్లెల్లో జెర్రిపోతు చువ్వల సందులోంచి దూరడం కొత్తేం కాదు. దీపావళికీ భోగికీ లోపలి గది, మూసిన తలుపులు, పక్కన ఎవరో ఒకరు.

రెండేళ్ళ కిందట కార్తీకంలో పాలబ్బాయి వస్తే నేనే తలుపు తీశాను, పండు నా భుజం మీద ఉన్న సంగతి గుర్తులేదు. ఒక్క ఎగురు, పక్కింటివాళ్ళ కొబ్బరిచెట్టు మొవ్వు మీద తేలాడు. ఇంట్లో పెరిగిన పిట్టకి పైకి ఎగరడం తెలుసు కానీ అంత ఎత్తు నుంచి నిటారుగా దిగడం తెలియదు, కిందికి చూసి గట్టిగా అరుస్తుంది తప్ప రాదు. కొబ్బరి దింపే ఆయన పాపం తాడు తెచ్చి ఎక్కుతానన్నాడు. వద్దన్నాం, మనిషి ఎక్కితే బెదిరి ఇంకో తోటకి పోతుంది, అప్పుడు ఏ చెట్టని వెతుకుతాం? చిట్టిని పంజరంతో సహా డాబా మీద పెట్టాం, వాడు ఈల వేస్తూనే ఉన్నాడు, అమ్మ "ఆయ్, ఆయ్" అంటూనే ఉంది. చీకటి పడ్డాక పిట్ట కదలదు, అందుకని ఏ మట్ట మీద ఉన్నాడో గుర్తుపెట్టుకుని, తెల్లారగట్ట కాకులు లేవకముందే మళ్ళీ డాబా ఎక్కాం. ఆకలితో ఉన్నాడు, ముందు మా జామచెట్టు మీదికి, అక్కణ్ణించి అమ్మ చేతి మీదికి వచ్చాడు. మీకూ ఇలా జరిగితే ఇంతే చేయండి, దానికి తెలిసిన పిలుపు, తెలిసిన పిట్ట, తెలిసిన గిన్నె చప్పుడు. రాళ్ళు విసరడం, గుంపు పోగవడం వద్దు.

వానాకాలం మనకి ప్రత్యేకం. ఆ తేమకి గింజలకి బూజు పడుతుంది, ఆ బూజు పిట్ట ఊపిరితిత్తుల్లో చేరిందంటే వైద్యం చాలా కష్టం. గింజలు కొద్దికొద్దిగా కొని, బిగుతు మూత డబ్బాలో ఉంచి, ముక్కిన వాసన వస్తే పారేయండి. లంకల్లో ఉండేవాళ్ళు గోదావరి వరద రోజుల్లో చిన్న ప్రయాణం పంజరం, వారానికి సరిపడా గింజలు, తాగే నీళ్ళు ముందే సిద్ధం పెట్టుకోండి, పడవ వచ్చాక వెతుక్కునే వీలుండదు. మే నెలలో నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని ఉంటే వడదెబ్బ తగలబోతోందని అర్థం, చల్లటి గదిలోకి తెచ్చి కాళ్ళు తడపండి.

చిలక జబ్బుని చివరిదాకా దాస్తుంది. కాబట్టి వంటింటి డిజిటల్ కాటా మీద రోజూ పొద్దున మేతకి ముందు తూచి రాసుకోండి. చిట్టి 92 గ్రాములు, పండు 68. పదో వంతు తగ్గితే ఆగకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. పట్టపగలు ఈకలు ఉబ్బించుకుని కూర్చోవడం, ఊపిరికి తోక ఊగడం, పంజరం అడుగున చేరడం కూడా అంతే. మన చుట్టుపక్కల డాక్టర్లు ఎక్కువగా గేదెలూ కోళ్ళూ చూసేవాళ్ళు, పంజరం పిట్టలు చూసేది ఎవరో ముందే ఆరా తీసి ఫోన్ నంబరు ఉంచుకోండి, గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు అగ్రహారం ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పటి నుంచి మేం కోళ్ళ ఫారానికి వెళ్ళొస్తే చెప్పులు బయటే విడిచి, స్నానం చేశాకే పిట్టల్ని ముట్టుకుంటాం. ఎండిన రెట్ట ఊడ్చకండి, తడిపి తుడవండి, ఆ దుమ్ములోంచి మనకీ సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు.

రాత్రి పది పన్నెండు గంటల నిద్ర తప్పనిసరి, టీవీ గదిలో పంజరం ఉంటే అది కుదరదు, మర్నాడు చిరాకంతా మన వేళ్ళ మీద చూపిస్తుంది. మేం ఏడున్నరకల్లా లోపలి గదిలో పెట్టి పలుచని నూలు గుడ్డ కప్పేస్తాం. కాక్‌టీల్స్ చీకట్లో ఉలిక్కిపడి పంజరమంతా కొట్టుకుంటాయి, అందుకని చిన్న బెడ్ లైట్ ఒకటి వెలుగుతూ ఉండాలి. గుడ్డ కప్పాక ఒక్క నిమిషం అక్కడే నిలబడండి. పై ముక్కూ కింది ముక్కూ రాసుకుంటూ కరకరమని సన్నటి చప్పుడు వినపడుతుంది, పిట్ట హాయిగా ఉండి నిద్రకి సిద్ధమైతే చేసే చప్పుడు అది. అది విన్నాకే మేం అన్నాలకి లేస్తాం.