గంటలో ఎంత దూరం? – 4వ పాఠం: మొదటి పది నిమిషాలు

గంటసేపు ఆగకుండా సైకిల్ తొక్కి ఎంత దూరం పోగలమో చూడటమే మన పని. దానికోసం పోయిన పాఠంలో చెప్పిన ఈసీజీ, ట్రెడ్‌మిల్ టెస్టు చేయించుకున్నారా? లేకపోతే ఇది చదవడం ఆపి ముందు డాక్టర్ దగ్గరికి పోయి రండి. అరవై దాటిన మనకు ఇందులో మినహాయింపు లేదు.

ముందు రౌండు లెక్క. రౌండు పొడవును మీటర్లలో కొలిచి 3.6తో గుణించండి, అనుకున్న వేగంతో భాగించండి. ఒక రౌండుకు ఎన్ని సెకన్లో వస్తుంది. 250 మీటర్ల వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందేల ట్రాక్‌లో, గంటకు 30 కిలోమీటర్లంటే సరిగ్గా 30 సెకన్లు. నల్గొండలో మనకు వెలోడ్రోమ్ ఎక్కడిది? నేను పానగల్లు వైపు, ప్లాట్లు చేసి వదిలేసిన ఒక వెంచర్‌లో తిరుగుతాను. అక్కడ రౌండు 800 మీటర్లు, అంటే 96 సెకన్లు.

మొదటిసారి గంటసేపు తొక్కినప్పుడు ఈ లెక్క జేబులోనే ఉంది. పొద్దుగాల చల్లగా ఉంది, కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. మొదటి ఐదు రౌండ్లు 90 సెకన్లకే కొట్టేశాను. ఒకటే సంబరం! ముప్పై ఐదో నిమిషానికి 104కు పడిపోయాను. తొడలు కర్రల్లా బిగుసుకున్నాయి. ఇంటికి సైకిల్ నడిపించుకుంటూ పోయాను.

ఎందుకలా అయిందంటే, చదును రోడ్డు మీద మన బలం ఎక్కువగా గాలిని నెట్టడానికే పోతుంది. దానికి కావాల్సిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 96కు బదులు 90 సెకన్లంటే వేగం 30 నుంచి 32కు పెరిగిందంతే, శక్తి మాత్రం ఐదో వంతు ఎక్కువ కావాలి. ఆ అప్పు మొదటి పది నిమిషాల్లో తెలియదు, అరగంట దాటాక వడ్డీతో సహా వసూలవుతుంది. పైగా పక్కనున్న ఉదయసముద్రం చెరువు మీంచి గాలి లేచిందంటే ఎదురు వైపు ఇంకా కష్టం. అటు వేగం తగ్గినా సరే, రౌండు మొత్తం సమయమే చూడండి.

అభ్యాసం ఇలా. బ్రేకులున్న మామూలు సైకిలే వాడండి. బ్రేకుల్లేని ఫిక్స్‌డ్ గేరు (చక్రం తిరిగినంతసేపూ పెడల్ కూడా తిరిగే) ట్రాక్ సైకిల్‌ను రోడ్డు మీదికి తేవద్దు. ఒకే గేరు పెట్టుకోండి. ముందు 48 పళ్ళు, వెనక 17 ఉంటే 30 వేగానికి నిమిషానికి దాదాపు 84 సార్లు పెడల్ తిప్పాలి. ఇంతకన్నా బరువు గేరు మోకాళ్ళకు మంచిది కాదని నా అభిప్రాయం. పది నిమిషాల చొప్పున మూడు విడతలు, మధ్యలో ఐదేసి నిమిషాలు మెల్లగా. మొదటి రెండు రౌండ్లు లెక్కకన్నా రెండు సెకన్లు ఆలస్యంగానే రావాలి. ‘ఇంత నెమ్మదా!’ అనిపించాలి.

ఒక మనిషి సాయం తప్పనిసరి. మా మనవడు కల్వర్టు మీద స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటాడు. ‘తాతా, మూడు ముందున్నవ్, జర తగ్గు!’ అని అరుస్తాడు. ఫ్రాన్స్‌కు చెందిన రోబెర్ మార్షాన్ 2012లో, నూరేళ్ళ వయసులో, గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కాడు. 2014లో 102 ఏళ్ళకు దాన్ని 26.927కు పెంచాడు. 2017లో 105 ఏళ్ళప్పుడు 22.547 వచ్చింది. ఇంకా పది నిమిషాలే ఉందని చూపే బోర్డు కనబడలేదనీ, కనబడితే ఇంకా వేగంగా తొక్కేవాణ్ణనీ తర్వాత చెప్పాడు. అందుకే మావాడి చేతికి పలక కూడా ఇచ్చాను, పెద్ద అంకెలు రాయమని.

ఈ వారం మూడు రోజులు చేయండి, రోజు విడిచి రోజు, ఎండ ఎక్కకముందే. ప్రతి రౌండు సమయం కాగితం మీద రాయించండి. ఆ కాగితం పారేయకండి, వచ్చే పాఠంలో దాంతోనే పని.