ఎక్స్‌పీలో ఎంఎస్17-010 ప్యాచ్ చివరికి ఎలా ఎక్కిందంటే

పాత లేబుల్ ప్రింటర్ కోసం ఇంకా ఒక విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ నడుపుతున్నాను. భద్రతా లోపాల కోసం స్కాన్ చేసినప్పుడల్లా ఎస్‌ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు, ప్రింటర్లు పంచుకునే పద్ధతి) లోపం ఉందనే వచ్చేది. దాన్ని మూసే మైక్రోసాఫ్ట్ ప్యాచే ఎంఎస్17-010. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై పాకింది ఈ లోపం గుండానే. నెట్‌వర్క్ నుంచి వచ్చిన డేటా తనకు కేటాయించిన మెమరీ దాటి పక్కకు పొర్లిపోతుంది. టెన్షన్‌గానే ఉండేది.

ఆటోమేటిక్ అప్‌డేట్, యాంటీవైరస్, రిజిస్ట్రీ మార్పులు ఏవీ పనికిరాలేదు.

ముందు నెట్‌వర్క్ కేబుల్ తీసేశాను. చూస్తే సర్వీస్ ప్యాక్ (విండోస్ అప్‌డేట్ల మూట) 2 ఉంది, ప్యాచ్‌కు 3 కావాలి. అది వేశాను. వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ నుంచి ఆ ప్యాచ్ ఫైల్, అంటే కేబీ4012598 దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. నాకు రెండు రోజులు పోయింది ఇక్కడే: విండోస్ ఏ భాషదైతే ఫైల్ కూడా ఆ భాషదే కావాలి. రీస్టార్ట్ అయ్యాక సిస్టమ్32లోని డ్రైవర్స్ ఫోల్డర్‌లో ఎస్‌ఆర్‌వి.సిస్ (ఎస్‌ఎంబీని నడిపే ఫైల్) మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో వెర్షన్ చూశాను. 5.1.2600.7208 అని కనిపించాకే కేబుల్ మళ్లీ పెట్టాను. స్కాన్‌లో ఆ హెచ్చరిక పోయింది.

నాది 32-బిట్. 64-బిట్ ఎక్స్‌పీకి ఫైల్ వేరు, వెర్షన్ నంబరూ వేరు. అందులో నేను చేసి చూడలేదు. పైగా ఇది ఈ లోపాన్ని మాత్రమే మూస్తుంది, అందుకే ఆ సిస్టమ్‌కు ఇంటర్నెట్ ఇప్పటికీ ఇవ్వలేదు.