వైద్య గణాంకాలు చదవడం ఎలా? – 4వ పాఠం: వయసును విడదీయడం

రెండు శాతాల మధ్య తేడానూ, నిష్పత్తినీ లెక్కగట్టడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ లెక్కనే గుండెపోటు తర్వాతి మరణాల మీద ప్రయోగిద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

అమెరికాలో 1994 జూన్ నుంచి 1998 జనవరి వరకు గుండెపోటుతో ఆసుపత్రుల్లో చేరిన 3,84,878 మంది వివరాలను వియోలా వక్కరినో బృందం పరిశీలించి, ఫలితాలను 1999లో ప్రచురించింది. ఆసుపత్రిలో ఉండగానే మరణించినవారు స్త్రీలలో 16.7 శాతం, పురుషులలో 11.5 శాతం. నిష్పత్తి సుమారు 1.45.

అయితే స్త్రీలకు గుండెపోటు సాధారణంగా పురుషులకంటే ముదిరిన వయసులో వస్తుంది. ఈ ఒక్క కారణం ఎంత తేడా తేగలదో చూడటానికి ఒక ఊహా లెక్క వేద్దాం. స్త్రీలైనా పురుషులైనా 65 ఏళ్లలోపు వారిలో 5 శాతం, ఆపైవారిలో 15 శాతం మరణిస్తారనుకోండి. నూరుమంది పురుషులలో 60 మంది చిన్నవారు, 40 మంది పెద్దవారు అయితే మరణాలు 3+6, అంటే 9. నూరుమంది స్త్రీలలో చిన్నవారు 20 మందే అయితే 1+12, అంటే 13. ఏ వయసులోనూ తేడా లేకపోయినా మొత్తంలో 1.44 నిష్పత్తి పుట్టుకొచ్చింది!

అందువల్ల అసలు తేడాయే లేదని తొందరపడకూడదు. వక్కరినో బృందం వయసులవారీగా విడదీసినప్పుడు, 50 ఏళ్లలోపు స్త్రీలలో మరణాల శాతం అదే వయసు పురుషులలో కంటే రెట్టింపును మించింది. వయసు పెరిగేకొద్దీ ఆ అంతరం తగ్గుతూ, 74 దాటాక చెప్పుకోదగినంతగా మిగలలేదు. పూర్వవ్యాధులు, గుండెపోటు తీవ్రత, తొలి చికిత్సలోని తేడాలు అన్నీ కలిసినా ఈ అంతరంలో మూడోవంతును మాత్రమే వివరించగలిగాయి. నా దృష్టిలో ఆ అధ్యయనంలో అతి తక్కువ పనికొచ్చే అంకె 1.45, పైకి కనబడేది మాత్రం అదే.

అభ్యాసం: 1994–2006 మధ్య అమెరికాలోని పదకొండు లక్షలకు పైగా రోగులపై 2012లో వెలువడిన అధ్యయనంలో ఆసుపత్రి మరణాలు స్త్రీలలో 14.6 శాతం, పురుషులలో 10.3 శాతం. సగటు వయసులు వరుసగా 73.9, 66.5 ఏళ్లు. ఛాతీనొప్పి లేకుండానే వచ్చినవారు స్త్రీలలో 42 శాతం, పురుషులలో 30.7 శాతం. తేడానూ నిష్పత్తినీ కట్టి, ఈ అంకెలను ఏ వయోవర్గాలుగా విడదీయమని అడుగుతారో, ఎందుకో రాయండి. ఆసుపత్రికి చేరకముందే మరణించినవారు ఈ లెక్కలలో ఎక్కడున్నారన్నది 5వ పాఠంలో చూద్దాం.