డిస్లెక్సియా ఉన్న ఉద్యోగికి పని సర్దుబాట్లు: ఎక్కడ ఆగుతాయి, ఎలా కదిలించాలి

సమస్య: డిస్లెక్సియా (తెలివికి లోటు లేకున్నా చదవడం, రాయడంలో తడబడే ఇబ్బంది) ఉన్నదని పని సర్దుబాటు, అంటే పని చేసే తీరులో అవసరమైన మార్పు, కోరుతూ అర్జీ పెట్టి నెలలు గడిచినా కదలిక లేదు.

ఎవరినీ నిందించకముందు ఆ అర్జీ నకలు తీసి ఒకసారి చదవండి. నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల వైపు నుంచి నా దగ్గరకు వచ్చిన అర్జీల్లో ఎక్కువ వాటిలో ఉండేది "నాకు డిస్లెక్సియా ఉన్నది, దయచేసి సహకరించగలరు" అన్న ఒక్క వాక్యమే. అది చదివిన మేనేజరు ఏమి మంజూరు చేయాలో ఆయనకు తెలియదు, అందువల్ల ఆ కాగితం ఫైలులోకి వెళ్లిపోతుంది. వైకల్యం పేరు కాదు, పని పేరు రాయాలని ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటే వదిలేస్తుంటారు. రైస్ మిల్లు ఆఫీసులో పనిచేసే గుమాస్తా అయితే ఇలా రాయవచ్చు: "12 అంకెల ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం) నంబరు ఎక్కించేటప్పుడు నాకు అంకెలు తారుమారవుతున్నాయి. నంబరును నాలుగేసి అంకెలుగా విడగొట్టి ఇప్పించండి, ఎక్కించిన తర్వాత పక్కనున్నవారు ఒకసారి పైకి చదివి సరిచూసే ఏర్పాటు చేయండి." దీనికి పైసా ఖర్చు లేదు కాబట్టి కాదనడం కూడా కష్టం. అర్జీ ఇచ్చినప్పుడే అది అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి.

సమస్య: "40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ తెస్తేనే సర్దుబాటు ఇస్తాం" అంటున్నారు.

ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తున్నారు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 డిస్లెక్సియాను నిర్దిష్ట అభ్యసన వైకల్యాల కింద చేర్చింది. 40 శాతం గీత ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ వంటి ప్రయోజనాలకు సంబంధించినది. పని సర్దుబాటుకు చట్టం ఆ గీత పెట్టలేదు, పైగా సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షేనని 2వ సెక్షన్ నిర్వచనంలోనే ఉన్నది. రాసేటప్పుడు చేయి పట్టేసే ఇబ్బంది ఉన్న అభ్యర్థి పరీక్షలో రాసిపెట్టే సహాయకుడిని కోరిన వికాశ్ కుమార్ కేసులో 2021లో సుప్రీంకోర్టు ఇదే తేడాను స్పష్టం చేసింది. ప్రభుత్వ కార్యాలయమైతే 20వ సెక్షన్‌ను, అక్కడి ఫిర్యాదుల పరిష్కార అధికారి కోసం 23వ సెక్షన్‌ను ఉటంకించండి. ప్రైవేటు సంస్థయితే 21వ సెక్షన్ కింద ప్రకటించవలసిన సమాన అవకాశాల విధానం ప్రతిని అడగండి; 20 మంది, అంతకుమించి ఉద్యోగులున్న చోట కల్పించే సౌకర్యాలు కూడా అందులో రాసి ఉండాలి. అయితే ఏ ఆధారమూ లేకుండా వెళ్లమని నేను చెప్పడం లేదు. క్లినికల్ సైకాలజిస్టు ఇచ్చిన నివేదిక జతచేస్తే సగం వాదన తగ్గుతుంది. బడిలో ఉన్నప్పుడు "మొద్దు" అని వెనక బెంచీలో కూర్చోబెట్టడం తప్ప ఎవరూ పరీక్ష చేయించని తరం మనది కాబట్టి, ఆ నివేదిక నలభై ఏళ్ల వయసులో మొదటిసారి తీసుకోవడంలో వింతేమీ లేదు.

సమస్య: సర్దుబాటు ఇచ్చారు, అయినా పని మెరుగుపడలేదు.

నన్ను బాగా దెబ్బతీసినది ఇదే. ఒక ఆఫీసులో పట్టుబట్టి ఉద్యోగికి హెడ్‌ఫోన్లు, పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఇప్పించాను. రెండు నెలల తర్వాత మేనేజరు "ఇచ్చినా లాభం లేదు" అన్నారు. అలవాటు కాలేదేమోనని నేను కూడా అనుకున్నాను. చివరకు ఆ అబ్బాయి పక్కన కూర్చుంటే, "తెలుగు చదువుతలేదు సార్, ఏవో ఏబీసీడీలు చదువుతున్నది" అని హెడ్‌ఫోన్లు తీసి నా చేతికిచ్చాడు. ఆఫీసు సర్క్యులర్లన్నీ 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి. ఆ ఫాంట్లలో కంటికి కనిపించేది తెలుగు అక్షరమే కానీ, లోపల దాచేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. సాఫ్ట్‌వేర్ తనకు అందిన ఆ సంకేతాలనే నిజాయితీగా చదువుతుంది. కంటితో చూసేవారికి తేడా ఏమాత్రం తెలియదు కాబట్టి తప్పంతా ఉద్యోగి మీదికే పోతుంది.

పరీక్ష అర నిమిషం పని. సర్క్యులర్‌లో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు వస్తే అది యూనికోడ్, అంటే కంప్యూటరు తెలుగుగానే గుర్తించే పద్ధతి; పిచ్చి గీతలు, ఇంగ్లీషు ముక్కలు వస్తే పాత ఫాంటు. అసలు వాక్యం ఎంపికే కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ, అంటే సాఫ్ట్‌వేర్‌కు అందులో అక్షరమే లేదు. సంతకం చేసిన కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు ఉన్న ప్రతి ఆఫీసులోనూ ఈ బొమ్మ రకం పేరుకుపోయి ఉంటుంది.

పరిష్కారం సాఫ్ట్‌వేర్ మార్చడం కాదు, కాగితం పుట్టే చోట మార్చడం. టైపు చేసేవారు విండోస్‌తో వచ్చే నిర్మలా ఫాంటుతో యూనికోడ్‌లో టైపు చేయాలి, సంతకం ప్రతితో పాటు అసలు వర్డ్ ఫైలు కూడా పంపాలి. ఈ ఒక్క వాక్యాన్ని సర్దుబాటు ఉత్తర్వులోనే రాయించుకోండి, లేకపోతే టైపిస్టు మారిన రోజే పాత కథ మొదలవుతుంది. పాత ఫైళ్లకు కన్వర్టర్లున్నాయి కానీ అవి వత్తుల దగ్గర పొరపాట్లు చేస్తాయి, కాబట్టి మార్చిన తర్వాత ఒకరు సరిచూడక తప్పదు. బొమ్మ రూపంలో ఉన్నవాటిని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారతాయి. జీతాల వివరాలు, రహస్య పత్రాలు మాత్రం అలా బయటికి ఎక్కించకండి. మారిన పాఠాన్ని ఎడ్జ్ బ్రౌజర్‌లో తెరిచి రీడ్ అలౌడ్ నొక్కితే తెలుగు గొంతు వినిపిస్తుంది. కంటితో కూడా చదవవలసినవాటికి అక్షరం 14 పాయింట్లు, వరుసల మధ్య ఒకటిన్నర ఎడం ఉండాలి, ఎందుకంటే ఇరుకు వరుసల్లో పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది.

మిగిలిన కారణాలు అరుదు. కళ్లద్దాల నంబరు మారిందేమో ఒకసారి చూపించుకోండి. కాగితం మీద పరిచి చదివే రంగు ప్లాస్టిక్ షీట్లు కొనమని ఎవరైనా చెబితే ఆ డబ్బు దాచుకోండి. డిస్లెక్సియా కోసం ప్రత్యేకంగా తయారైన ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల కోసం గీసినవి, తెలుగు సర్క్యులర్‌కు వాటితో పని లేదు.